మాషి ఊరి నుయ్యి

రెండు నిమిషాలిచ్చారు నాకు. యుద్ధం ముగిశాక ఒక దేశం మళ్ళీ ఎలా లేచి నిలబడుతుందో ఆ రెండు నిమిషాల్లో చెప్పాలట.

ఈ బెంగాలులో, మా అపార్టుమెంటులో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అందరూ కంప్యూటరు ఉద్యోగాలకని ఈమధ్య వచ్చినవాళ్ళు. పిల్లలు తెలుగు మరిచిపోకూడదని నెలకోసారి కింద హాల్లో చేరుతుంటారు. టీవీలో యుద్ధాలు చూసి పిల్లలు బెంగపడుతున్నారని ఈసారి ‘మళ్ళీ కట్టుకుందాం’ అని ఒక కార్యక్రమం పెట్టారు. గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు. వంతెన, జెండా, ఇటుకలు మోస్తున్న మనుషులు. ఇటుకలు మోసేవాళ్ళందరూ నవ్వుతూనే ఉన్నారు.

కార్యక్రమం చూసుకుంటున్న అమ్మాయిది వరంగల్ వైపు. మర్యాద తెలిసిన పిల్ల. “ఆంటీ, మీరు ఈడనే పుట్టి పెరిగిన్రు కదా. అప్పటి యుద్ధం చూసిన్రట. జర పాజిటివ్‌గా చెప్పండి, చిన్న పిల్లలుంటరు” అని, ఐసు పెట్టెలోంచి తీసిన నీళ్ళ సీసా ఒకటి నా చేతిలో పెట్టింది.

ఆ సీసా పట్టుకోగానే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మే నెలలో, బెంగాలు ఉక్కలో, పట్టాల మీద కాళ్ళు బొబ్బలెక్కిపోయే ఎండలో కూడా మా నాన్న వేడినీళ్ళే తాగేవాడు. గ్యాంగు వాళ్ళు వేళాకోళం చేసేవారు. “మేస్త్రీ కడుపులో ఇంజనుంది, ఆవిరి కావాలి” అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. పాజిటివ్‌గా చెప్పమంటే నా ఒళ్ళెందుకు మండిందో కూడా అక్కడే ఉంది.

అప్పట్లో మేము సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. నాన్న పట్టాల గ్యాంగుకి మేస్త్రీ. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాన్నని కన్న తల్లి, మా మామ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అప్పటికి ఎన్నేళ్ళయిందో గాని, ఆవిడకి బెంగాలీ ముక్క రాదు. రాదని ఎప్పుడూ దిగులూ పడలేదు. చేపలమ్మితో, పాలవాడితో, స్టేషను మాస్టరుతో కూడా తెలుగులోనే దెబ్బలాడేది, గెలిచేది.

ఊరి నుంచి వచ్చేటప్పుడు మామ్మ ఒక చేంతాడు తెచ్చుకుంది. కొబ్బరిపీచుతో పేనిన తాడు, తాతయ్య చేసింది. తాతయ్య ఊళ్ళో నూతుల్లో పూడిక తీసేవాడట. మా క్వార్టర్సులో నుయ్యెక్కడిది? ఉన్నదంతా వీధి కొళాయి, దాని ముందు బారెడు వరస. అయినా ఆ చేంతాడు వంటింటి మేకుకి చుట్టగా వేలాడుతూనే ఉండేది. “ఎందుకు మామ్మా ఇది, ఇంజనుకి కట్టి లాగుతావా?” అని నేను ఏడిపిస్తే, “ఉండనీయే గుంటా, నీకేటి తెలుసు” అనేది. ఎండాకాలం దాన్ని ఎండలో వేసి, ఆముదం రాసి, మళ్ళీ చుట్టి పెట్టేది.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. ఆ ఏడాదంతా సరిహద్దు అవతల నుంచి జనం వస్తూనే ఉన్నారు. శిబిరాలు చాలక, యార్డు పక్కన పడేసిన పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టారు. అటు గోనెపట్టా, ఇటు గోనెపట్టా, మధ్యలో సంసారం. మామ్మ బొగ్గు ఏరుకోడానికి వెళ్ళి, ఒక గొట్టంలో నిండు నెలల ఆడమనిషిని చూసింది. ఒక్కతే ఉంది, కాళ్ళు వాచిపోయి. మామ్మ ఎవర్నీ అడగలేదు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. మా వరండాకి చాప అడ్డం కట్టి గది చేసింది.

నేనావిణ్ణి మాషి అనేదాన్ని. అంటే పిన్ని. నోట్లో నాలుక లేని మనిషి. చేతికి శంఖం గాజులు, పాపిట్లో కుంకం ఉండేవి, వాళ్ళలో ముత్తైదువ గుర్తులవి. మీ ఆయనేడీ అని నేనడిగితే, “ఇంటి దగ్గరున్నాడు” అనేది. ఎవరడిగినా అదే మాట. ఆవును, ఇంటిని చూసుకోడానికి ఉండిపోయి ఉంటాడని మేమంతా అనుకున్నాం.

యుద్ధం అయిపోయిందని ఊరంతా బాణాసంచా కాల్చిన కొన్నాళ్ళకి మాషికి ఆడపిల్ల పుట్టింది. మామ్మ చేతుల మీదే పురుడు. ఇల్లంతా శొంఠి, వాము, సాంబ్రాణి పొగ. మిరియాలు, పసుపు, వెల్లుల్లి, బెల్లం దంచి బాలింతకి కాయం ఉండలు కట్టింది మామ్మ. ఖర్జూరపు బెల్లం వచ్చే చలికాలం కదా, ఆ వాసనకి నేను లడ్డూలనుకుని రెండు కాజేసి ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను. నాలుక నుంచి పొట్టదాకా నిప్పంటుకుంది. కొళాయి దగ్గరికి పరిగెడుతుంటే వెనకనుంచి మాషి నవ్వు వినపడింది. ఆవిడ గట్టిగా నవ్వగా అదొక్కసారే విన్నాను.

వాళ్ళిద్దరూ మాట్లాడుకునే తీరు చూడాలి. ఈవిడ తెలుగులో తిడుతుంది, ఆవిడ బెంగాలీలో బతిమాలుతుంది. “పత్యం తప్పీసేవంటే పాలు పడవే, తినీ.” “కారం మాషిమా, గొంతు దిగదు.” పెద్దావిడని వాళ్ళు మాషిమా అంటారు. మధ్యలో నేను చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

అప్పుడొచ్చాడు మైకు పెద్దమనిషి. మా వైపు సహాయ కమిటీ ఒకటుండేది, దానికి పెద్ద. ఇస్త్రీ పంచె, భుజాన శాలువా. రిక్షాకి మైకు కట్టించి గొట్టాల దగ్గర తిప్పించాడు. యుద్ధం ముగిసింది, మీ దేశం మిమ్మల్ని పిలుస్తోంది, వెళ్ళి కట్టుకోండి, బళ్ళు సిద్ధంగా ఉన్నాయి, ఇంక ఇక్కడ రేషను ఇవ్వరు అని. పిలుస్తోందట. బియ్యం ఆపేసి పొమ్మంటే దాన్ని పిలవడం అంటారా?

మా వరండాకీ వచ్చాడు. మాషి పేరు ఆ వారం బండిలో ఉందన్నాడు.

“బాలింత. నూతిలో సేద ఎయ్యనిదే గడప దాటనియ్యను” అంది మామ్మ.

మా వైపు అదొక పద్ధతి. పురిటి రోజులు గడిచాక బాలింతని నూతి దగ్గరికి తీసుకెళ్తారు. గట్టుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం, బెల్లంముక్క పెట్టి దండం పెట్టిస్తారు. తరవాత ఆవిడ తన చేత్తో చేద వేసి నీళ్ళు తోడి ఇంటికి తెచ్చుకుంటుంది. అక్కణ్ణుంచి ఆవిడ మళ్ళీ ఇంటి మనిషి, పనిపాటల మనిషి. అది కాకుండా ఊరు దాటించరు.

ఆయన నావైపు చూశాడు, ఏమంటోందని. నేను చెప్పాను. ఆయన నవ్వి, “ఇలాంటి చాదస్తాలు పెట్టుకుంటే దేశం ఎప్పుడు కట్టుకుంటారమ్మా?” అన్నాడు. అదీ చెప్పాను మామ్మకి.

“ఏటి కట్టుకుంటాదిరా పచ్చి బాలింత, పసిగుడ్డుని సంకనెట్టుకుని? నీ నోట్లో మన్ను పడ” అంది మామ్మ.

నేను మొదటి ముక్క బెంగాలీలో చెప్పి, రెండోదానికి “మీకు నమస్కారం అంటోంది” అన్నాను. ఆయన సంతోషించి వారం గడువిచ్చాడు.

ఆ గడువుతోనే వచ్చింది తంటా. రోజులు పూర్తిగా నిండకపోయినా, పంపేలోపు ఆ వేడుక జరిపించెయ్యాలని మామ్మ తొందరపడింది. లైను అవతల ఒక బాబుగారి తోటలో నుయ్యి ఉందని కనుక్కుని వాళ్ళని ఒప్పించింది. మేకుకున్న చేంతాడు దిగింది. నాకు భలే సంబరం. మాషికి కొత్త ఎర్రంచు చీర కట్టి, పిల్లకి కాటుక దిద్ది, పసుపు గిన్నె నాకిచ్చి బయల్దేరదీసింది. ఎక్కడికో మాషికి చెప్పలేదు. వేడుక కదా, చెప్పేదేముంది అనుకుంది.

తోట గేటు దాకా మాషి బాగానే నడిచింది. నూతి గట్టు కనపడగానే ఆగిపోయింది. మామ్మ సిగ్గుపడుతోందనుకుని, “రాయే, నీకు మాత్రం పుట్టింటోళ్ళు నేరేటి, నేనున్నాను” అని రెక్క పట్టుకుని లాగింది. మాషి గేటు ఊచ పట్టుకుని కింద కూలబడింది. శంఖం గాజు ఊచకి తగిలి చిట్లింది. అరవలేదు, ఏడవలేదు. మామూలుగా చెప్పింది. సైనికులొచ్చి ఊళ్ళో మగవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టారట. తరవాత వాళ్ళ ఇంటి ముందరి నూతిలోనే పడేశారట. ఆయన అందులోనే ఉన్నాడట.

“ఏటంటాదే?” అంది మామ్మ.

అన్నాళ్ళూ వాళ్ళ మధ్య నా అవసరం పడలేదు. ఆ పూట పడింది. “మామ్మా, వాళ్ళాయన నూతిలో ఉన్నాడంట” అన్నాను. ఎంత చిన్నదాన్నయినా, చెపుతుంటే నాకు అర్థమయింది.

మామ్మ నా చేతిలో పసుపు గిన్నె తీసుకుని కొంగు కింద దాచేసింది. మాషిని లేవదీసి చీరకంటిన మట్టి దులిపింది. పాపిట్లో కుంకం చెదిరిపోతే తనే మళ్ళీ సర్దింది. “ఎవులడిగినా మొగుడు ఇంటికాడే ఉన్నాడని సెప్పు. ఆ సేద మీ ఊర్లోనే ఏద్దువు గాని. అంతవరకూ నువ్వు బాలింతవే” అంది. మాషికి ఎంత అర్థమయిందో తెలీదు. ఇంటిదాకా మామ్మ భుజం వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే మామ్మ నన్ను వెంటబెట్టుకుని కమిటీ ఆఫీసుకి వెళ్ళింది. నేనసలు అంత కోపం ఆవిడలో ఎప్పుడూ చూడలేదు. “ఆ నూతి నీల్లు తాగి బతకమని పంపిస్తారేట్రా? ముందది బాగుసెయ్యండి, అప్పుడు పంపండి” అంది. ఈసారి ఏ ముక్కా మార్చలేదు నేను. ఆయన కాసేపు తల వంచుకున్నాడు, అంత మాత్రం మనిషే. కాని తలెత్తి, అవన్నీ అక్కడి ప్రభుత్వం చూసుకుంటుంది, ముందు రైళ్ళు, వంతెనలు, తరవాత నూతులు అన్నాడు. వరస ఉందట దానికి. మనుషుల్ని మాత్రం ముందే తోలెయ్యొచ్చు.

పంపించేశారు. స్టేషనులో మెళ్ళో బంతిపూల దండలు వేశారు. తలకో దుప్పటి, మూట బియ్యం. పేపరువాడొచ్చి మాషిని పిల్లని పైకెత్తి నవ్వమన్నాడు. ఆవిడ మొహం తిప్పుకుంది. పక్కనున్నావిడ చేత నవ్వించి ఫొటో తీసుకున్నాడు. బండి కదిలేటప్పుడు మామ్మ కిటికీలోంచి కాయం ఉండల డబ్బా అందించి, “మానీకు, తినీ” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మామ్మ అక్కడే ప్లాట్‌ఫారం మీద తుపుక్కున ఉమ్మేసింది.

అవతల పట్టాలు పీకేసి ఉన్నాయి. వాటిని మళ్ళీ వేయడానికి ఇక్కడి నుంచి గ్యాంగులు వెళ్ళాయి. అందులో మా నాన్నదీ ఒకటి. మాషి ఊరి స్టేషను వాళ్ళు బాగుచెయ్యబోయే దారిలోనే ఉంది. నాన్న పెట్టె సర్దుకుంటుంటే మామ్మ చేంతాడు తెచ్చి పైన పెట్టింది.

“ఇదెందుకే అమ్మా?”

“మీ అయ్య నూతుల్లో దిగీవోడు. నువ్వూ ఓపాలి దిగు.”

నాన్న ఆవిడ మొహం చూశాడు. “సర్లే, ఎల్లి వత్తాను” అన్నాడు.

మామిడి పిందెలు దిగే రోజుల్లో తిరిగొచ్చాడు. పెట్టె దించి, నేరుగా వెళ్ళి కొళాయి కింద కూర్చున్నాడు. వరసలో జనం గొణిగారు గాని ఎవరూ లేవమనలేదు. పెట్టెలో చేంతాడు లేదు. స్నానమయ్యాక మామ్మ అన్నం పెట్టి ఎదురుగా కూచుంది. నేను స్తంభానికి ఆనుకుని వింటున్నాను.

ఆ ఊళ్ళో జనం చెరువు నీళ్ళు తాగుతున్నారట. పిల్లలకి వాంతులు, విరేచనాలు. నూతి వైపు ఎవరూ నడవను కూడా నడవరట. బోరు వేస్తామని బోర్డు పాతారు, బోర్డే ఉంది. నాన్న, గ్యాంగులో ఇంకో ముగ్గురు సెలవు రోజుల్లో వెళ్ళి దిగారు. అక్కడివాళ్ళు పైన నిలబడి తాడు లాగారు.

“ఉన్నాడేట్రా?” అంది మామ్మ.

“ఉన్నాడమ్మా. అందరూ ఉన్నారు.”

నాన్న అన్నం ముద్ద కలిపి, తినకుండా అలాగే పెట్టుకున్నాడు. వాళ్ళ వాళ్ళ పద్ధతుల్లో అన్నీ జరిపించారన్నాడు. తరవాత నీళ్ళన్నీ తోడేసి, బురదంతా ఎత్తి, గోడలకి సున్నం కొట్టి, మందు జల్లి వదిలేశారు. మళ్ళీ తోడేశారు. కొత్త ఊట తేటగా వచ్చింది. వచ్చినా ఒక్కరూ చేద వెయ్యలేదు.

ఈలోగా జీపులో ఒక అధికారి వచ్చాడట. గట్టు మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చాడట, ఊరు మళ్ళీ బతికింది అని. గొంతెండిపోయి, తన ప్లాస్కులోని నీళ్ళు తాగి, జీపెక్కాడట. ఇది చెపుతున్నప్పుడు మాత్రం నాన్న గొంతులో కోపం వినపడింది. “ఒక్క గుక్క, అమ్మా. ఒక్క గుక్క తాగితే ఆడి సొమ్మేటి పోయింది” అన్నాడు.

జీపు వెళ్ళిపోయాక పిల్లని ఇంకొకరి చేతికిచ్చి మాషి ముందుకొచ్చిందట. పసుపు లేదు, తాంబూలం లేదు. గట్టుకి దండం పెట్టి, మా మామ్మ చేంతాడుతో చేద వేసింది. నీళ్ళు చెంబులోకి వంచుకుని నిలబడిపోయింది. నోటి దాకా ఎత్తుతుంది, దించుతుంది. ఊరంతా చూస్తోంది. ఆవిడ తాగలేకపోతే ఆ నుయ్యి పూడ్చేస్తారు, మనుషులు మళ్ళీ చెరువుకే పోతారు. ఆవిడ నాన్న వైపు చూసింది.

“అప్పుడు?” అంది మామ్మ.

“నాను తాగీసేనమ్మా. సెంబుడూ తాగీసేను. తరవాత అది తాగింది. పిల్ల నోట్లో ఓ సుక్క ఏసింది. అప్పుడొచ్చేరు అందరూ.”

మామ్మ లేచి లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చింది. నాన్న కాళ్ళకి రాసింది, ఆడపిల్లకి రాసినట్టు. ఆయన కాళ్ళు లాక్కోలేదు.

హాల్లో నేనిదంతా చెప్పాను. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. వెనక వరసల్లో ఫోన్లు ఆగిపోయాయి. వరంగల్ అమ్మాయి మైకు కోసం చెయ్యి చాపి, మళ్ళీ దించేసుకుంది. “పాజిటివ్‌గానే చెప్పానమ్మా” అన్నాను ఆమెతో. “ఊరు లేచి నిలబడింది. ఎలా నిలబడిందో చెప్పాను. మీ గోడ మీద అందరూ నవ్వుతున్నారు. ఒక్కళ్ళయినా ఆ నీళ్ళు తాగే బొమ్మ లేదు. వంతెన కట్టినవాడికి దండ పడుతుంది, పట్టం కడతారు. మొదటి గుక్క తాగినవాడి ఊసు ఎవడూ ఎత్తడు.” గొంతు పెద్దదయింది నాకు, పిల్లలున్నారని గుర్తొచ్చి తగ్గించుకున్నాను.

ముందు వరసలో ఒక పిల్ల, జెండా బొమ్మ వేసినదే, లేచి నిలబడింది. “అమ్మమ్మా, ఆ నీళ్ళు ఎట్లున్నయట?” అంది. వాళ్ళమ్మ కూచోమని లంగా పట్టి లాగింది. నేను లాగొద్దన్నాను.

నేనూ అదే అడిగాను ఆ రోజు. నాన్న అన్నం తినకుండా చెయ్యి కడుక్కుని వరండాలో కూచున్నాడు. మాషి కోసం కట్టిన చాప ఇంకా అలాగే వేలాడుతోంది. కొత్త కుండలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చిస్తే, అందుకుని పట్టుకుని చూసి, పక్కన పెట్టేశాడు. కాచి తెమ్మన్నాడు. అప్పుడడిగాను, ఆ నూతి నీళ్ళు ఎలా ఉన్నాయి నాన్నా అని.

“సల్లగున్నాయమ్మా” అన్నాడు.